ఎడమచేతి కుంచె

శవపేటిక పక్కన నిలబడి, అందులో పడుకున్నాయన కుంచెలు ఎలా అడగాలో మిందాకు ఎవరూ నేర్పలేదు. దారి పొడుగునా మాటలు కూడగట్టుకుంటూనే వచ్చింది. జీప్నీ బండి దిగి సందులోకి తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

సందుకు అడ్డంగా నీలం పట్టా కట్టారు. దాని కింద బల్లలు వేసుకుని పేకాడుతున్నారు. ఉడికించిన వేరుశెనగకాయలు, బిస్కెట్లు, ప్లాస్టిక్ కప్పుల్లో కాఫీ. పొద్దున కురిసిన వాననీళ్ళు పట్టా మధ్యలో నిలిచి బానపొట్టలా వేలాడుతున్నాయి. ఎవరో పెద్దాయన చీపురు కర్రతో కింది నుంచి పొడిస్తే భళ్ళున అవతల పడ్డాయి. తడిసినవాళ్ళు ఆయన్ని తిట్టారు, తడవనివాళ్ళు నవ్వారు. చావింట్లో నవ్వేమిటని మనీలా పక్కనున్న మరికినాలో ఎవరూ అడగరు. పోయినవాళ్ళను పాతిపెట్టేదాకా ఒంటరిగా వదలకూడదు, అంతే. పేకముక్కలు పట్టుకుని కూర్చున్నా, ఊరి కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నా అది కాపలా కిందే లెక్క.

లోపల తెల్లటి దీపాల మధ్య, గాజుమూత కింద కుయా దెల్ఫిన్ ఉన్నాడు. మిందా పనిచేసే బొమ్మల స్టూడియోలో ఆయన్ని అందరూ కుయా అని, అంటే అన్నయ్యా అని పిలిచేవారు. ఆయనకంటే పెద్దవాళ్ళూ అంతే. ముఖానికి పౌడరు దట్టంగా అద్దారు. ఎప్పుడూ రంగు మరకలతో ఉండే మనిషికి మెడదాకా గుండీలు పెట్టి తెల్లచొక్కా తొడిగారు. ఆ చావు వెంట ఇంట్లో ఇంకో చావు రాకుండా జపమాల దారాన్ని ముందే తెంచి చేతుల్లో ఉంచారు. మిందా చూపు ఆ చేతుల దగ్గర ఆగింది. ఎడమచెయ్యి కింద పెట్టి దానిమీద కుడిచెయ్యి కప్పారు. ఆయన అన్నం తిన్నా, బొమ్మ వేసినా, రోడ్డు మీద జీప్నీ ఆపినా ఎడమచేత్తోనే. శవాన్ని ముస్తాబు చేసినవాళ్ళకు ఆ సంగతి ఏం తెలుసు? చెబుదామనుకుంది. కానీ అడుక్కోవడానికి వచ్చిన మనిషికి తప్పులెన్నే మొహం ఎక్కడిది? ఊరుకుంది.

"వచ్చావా తల్లీ! అట్లా గోడకు అతుక్కుపోయావేం? ముందు కాఫీ తాగు." దెల్ఫిన్ భార్య సాలింగ్ వచ్చి కప్పు చేతిలో పెట్టింది. కళ్ళ కింద నల్లగా ఉబ్బింది గాని గొంతు గట్టిగానే ఉంది. "ఈయన చెల్లెలు సమార్ దీవిలో ఓడ ఎక్కిందట. తుపాను గాలికి ఎక్కడ ఆపేశారో ఏమో. ఆవిడొచ్చేదాకా పాతిపెట్టేది లేదు. ఈయనకేం తొందర? బతికుండగా ఏనాడైనా గడువులోపు బొమ్మ ఇచ్చాడా?"

"ఇవ్వలేదు ఆతే. కానీ ఇచ్చినదాన్ని ఎవరూ దిద్దే పనిలేదు," అంది మిందా. కుయా భార్య అందరికీ ఆతే, అంటే అక్కయ్య.

"ఆ పొగరే, ఆ పొగరే కదా!" అని సాలింగ్ గాజుమూత మీద పడ్డ చెయ్యిముద్రను భుజం మీది తుండుగుడ్డతో తుడిచింది.

మిందా కాఫీ మొత్తం తాగింది. కప్పు అడుగున ఏమీ లేకపోయినా ఇంకోసారి తాగింది. ఆ తర్వాత ఇంక తప్పదని నోరు విప్పింది. "ఆతే, కుయా కుంచెలు... ఉన్నాయా ఇంట్లో? కంప్యూటర్లో మేమంతా వాడే బ్రష్‌లు ఆయన కుంచెల అచ్చులు తీసి చేసినవే కదా. అప్పటి అచ్చులు చిన్నవి. ఇప్పటి తెరల మీద పెద్దవి చేస్తే అలుక్కుపోతున్నాయి. మళ్ళీ కొత్తగా తీయమంటున్నారు. తీసి, బయటివాళ్ళకు అమ్ముతారట."

"బయటివాళ్ళంటే ఎవరు?"

"ఎవరైనా. ఏ దేశంలోనైనా. కంప్యూటర్లో బొమ్మలేసే ఎవరైనా కొనుక్కోవచ్చు."

సాలింగ్ నోటిమీద చెయ్యి వేసుకుంది. పక్కింటావిడ చెయ్యి పట్టుకుని గుంజింది. "విన్నావా? మా ఆయన కుంచెలు అన్ని దేశాలకీ పోతాయట!" అని, మళ్ళీ మిందా వైపు తిరిగి అడిగింది. "పేరు వేస్తారా తల్లీ? ఆయన పేరు?"

అమ్మకానికి పెట్టబోయే బ్రష్‌ల పెట్టెమీద బొమ్మ అప్పటికే తయారైంది. దానిమీద పెద్ద అక్షరాలతో ఉన్నది స్టూడియోలో తమ పై అధికారి సర్ రమిల్ పేరు. ఆ బొమ్మ వేసింది మిందాయే. ఆ అక్షరాలు రేకు మీద తుప్పు పట్టినట్టు కనపడాలంటే, దెల్ఫిన్ తుప్పు బ్రష్‌తోనే దిద్దింది కూడా.

"వేస్తారు ఆతే," అంది. అనేశాక గాని తను ఏమన్నదో తనకు తెలియలేదు.

పాలపొడి డబ్బాలో ఉన్నాయి కుంచెలు. సాలింగ్ వంటింట్లోంచి తెచ్చి, వాటిని ఒకసారి గుండెకు హత్తుకుని, ఇచ్చేసింది. "ఆయనతోపాటు పెట్టెలో పెట్టమన్నారు అందరూ. నేనే వద్దన్నాను. అక్కడ కూడా పనిచేయాలా ఏం? కాస్త నడుం వాల్చనీ." గబగబా దీపాలు సర్దే పని పెట్టుకుంది. చావింటివాళ్ళు వచ్చినవాళ్ళను సాగనంపకూడదు. వచ్చినవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పకూడదు. ఆ ఆచారం తనకు అంత మేలు చేస్తుందని మిందా ఎప్పుడూ అనుకోలేదు. సాలింగ్ ముఖం చూడకుండానే బయటపడింది.

చావింటి నుంచి నేరుగా ఇంటికి పోకూడదు. దారిలో ఎక్కడో ఒకచోట ఆగి, ఏదో కొనుక్కుని, దులుపుకుని పోవాలి. లేకపోతే పోయినవాళ్ళు వెంట వస్తారు. స్టూడియో కింద బేకరీ ఉంది. రొట్టెలు వేడివేడిగా దిగుతున్నాయి. డబ్బా పొట్టకు ఆనించుకుని ఆలోచిస్తూ నడిచిన మిందా, బేకరీ దాటి మెట్లెక్కి, తన కుర్చీలో కూర్చున్నాక గాని ఆ సంగతి తలుచుకోలేదు.

పక్క కుర్చీలోని జాంగ్ మాత్రం వెంటనే పట్టేశాడు. వయసులో చిన్నవాడు, నోటికి పెద్దవాడు. "ఆతే! చావింటి నుంచే కదా రావడం? కింద ఓ రొట్టె కొనుక్కుంటే నీ సొమ్మేం పోయింది? ఇంటికి తీసుకుపోకుండా మాకు తగిలించావా ముసలాయన్ని?"

"నీ పనికి నువ్వు ఉండరా."

"ఉంటాను. ఆయన ఉండనిస్తేనా! ఇప్పుడు నా వెనక నిలబడి, 'ఆకాశం అంత నీలంగా ఎందుకేశావురా, పుట్టినరోజా' అంటాడు, చూడు." గొంతు అచ్చం దెల్ఫిన్‌లా పెట్టాడు. గదిలో అందరూ నవ్వి, నవ్వుతూనే ఆగిపోయారు.

మర్నాడు మిందా పని మొదలుపెట్టింది. మందపాటి కాగితాలు బల్లమీద పరిచింది. పళ్ళెంలో నల్లసిరా పోసింది. డబ్బాలో ఉన్నవాటిలో అందరికీ తెలిసింది ఒక్కటే. పందివెంట్రుకల బద్దకుంచె. దానితోనే దెల్ఫిన్ రేకుల కప్పులు వేసేవాడు, తుప్పు వేసేవాడు, వాన వెలిసిన గోడలు వేసేవాడు. వెంట్రుకలు ఒక మూలకు ఏటవాలుగా అరిగిపోయి ఉన్నాయి. కర్ర మీద బొటనవేలు ఆనే చోట పల్లం పడింది. మిందా వేలు పెట్టి చూసింది. పల్లం రెండో వైపున ఉంది, ఆమె కుడిచేతి వేలు ఆనలేదు.

గిన్నెలో నీళ్ళు పోసి వెంట్రుకలు నానబెట్టింది. ఎన్నేళ్ళ కిందటి రంగో, రేకుపట్టీ లోపల గడ్డకట్టుకున్నది, మెల్లగా కరిగి బయటికి వచ్చింది. ఎర్రమట్టి, ఆకుపచ్చ, బూడిదరంగు. నీళ్ళు మార్చింది. మళ్ళీ వచ్చింది. ఇంకోసారి మార్చింది. మళ్ళీ వచ్చింది. పనిలో పడితే ఎవరి మాటా వినని మనిషి, పోయాక కూడా వినడం లేదనిపించింది. ఆయన నడుంనొప్పికి రాసుకునే తైలం వాసన కర్రలోంచి వస్తోంది. అది కర్రలోంచే వస్తోందని తనకు తాను చెప్పుకుంది. అయినా ఒకసారి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసింది. పని చూడడానికి వచ్చినప్పుడు ఆయన నిలబడేది ఆ పక్కనే.

సిరాలో ముంచి, గుడ్డకు అద్ది, కాగితం మీద ఒక్కో అచ్చు వేసింది. గట్టిగా ఒత్తితే ముద్ద అవుతుంది. తేలిగ్గా ఒత్తితే వెంట్రుకల కొసలే పడతాయి. కొస పడాలి, పొట్ట కూడా కాస్త పడాలి. కాగితం గరుకు కనిపించాలి. కాగితాలకు కాగితాలు నిండిపోయాయి. ఆరాక వాటిలో బతికున్నట్టు కనపడినవి ఏరుకుని స్కానర్‌లో పెట్టింది. తెరమీద పెద్దగా చేసి, దుమ్ము నలకలు ఒక్కొక్కటీ తుడిచి, నలుపును ఇంకా నలుపు చేసి, తెలుపును వదిలేసింది. ఒక పక్కగా విడిపోయిన ఒంటి వెంట్రుక గీత ఒకటి ప్రతి అచ్చులోనూ ఉంది. దాన్ని తుడవబోయి ఆగింది. ఉంచేసింది.

అచ్చు బ్రష్ అయ్యాక ఇంక మిగిలింది దాన్ని నడిపించడం. ఒక అచ్చుకూ ఇంకో అచ్చుకూ మధ్య ఎంత ఎడం, పెన్ను నొక్కితే ఎంత ముదురు, చెయ్యి వెళ్ళే దిక్కును బట్టి అచ్చు ఎలా తిరగాలి. ఎడం ఎక్కువైతే గీత పూసల దండలా విడిపోతుంది. తక్కువైతే తారు పూసినట్టు అయిపోతుంది. పొద్దంతా అదే పని. సాయంత్రం కాఫీ వేళకు, తనకు తెలియకుండానే చెయ్యి తెరమీది కాన్వాస్‌ను తలకిందులు చేసింది. పెన్నుతో ఎడమ నుంచి కుడికి ఒక్క గీత లాగి, కాన్వాస్‌ను మళ్ళీ తిన్నగా తిప్పింది.

రేకుల కప్పు. కింద చిక్కగా తుప్పు, పైఅంచున ఎండ తగిలినట్టు విరిగి విరిగి పొడిగీత. ఆ ఒంటి వెంట్రుక చివర్లో తోకలా బయటికి పోయింది. దెల్ఫిన్ ఇప్పుడే గీసి, కుర్చీ జరుపుకుని కాఫీకి వెళ్ళాడేమో అన్నట్టుంది. పక్కనుంచి చూసిన జాంగ్ నోట్లోంచి ఈసారి వెటకారం రాలేదు. రెండు వేళ్ళతో నుదుటి మీద సిలువ గీసుకున్నాడు.

కాన్వాస్ తలకిందులు చేయడం ఆ స్టూడియో అలవాటు. కాగితాల రోజుల్లో దెల్ఫిన్ కుంచె అరువు తెచ్చుకున్నవాళ్ళంతా కాగితం తిప్పుకునేవారు. ఎడమచేత్తో కుడి నుంచి ఎడమకు లాగీ లాగీ అరిగిన కుంచె అది. కుడిచేతివాళ్ళు లాగితే పొడి అంచు కిందపడి, ఎండ నేలలోంచి కాస్తున్నట్టు ఉండేది. కంప్యూటర్లోకి వచ్చినా ఆ అరుగుదల పోలేదు. కాబట్టి తిప్పడమూ పోలేదు. కొత్తగా చేరినవాళ్ళు పాతవాళ్ళను చూసి తిప్పేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచినట్టు, అది అంతే.

సర్ రమిల్ వచ్చి వెనక నిలబడి చూశాడు. స్టూడియోలో రంగులన్నింటికీ ఆయనదే ఆఖరిమాట. చెడ్డవాడేం కాదు, అదే చిక్కు. ఎవరికి జ్వరమొచ్చినా మందులు కొనిచ్చేవాడు, ఎవరి పిల్లల పుట్టినరోజైనా కేకు తెప్పించేవాడు. దెల్ఫిన్‌ను ఇంక రావద్దని చెప్పినవాడూ ఆయనే. చావింటికి పూలు పంపాడు, తను మాత్రం పోలేదు.

"బాగుంది," అన్నాడు. "చాలా బాగుంది. కానీ మిందా, ఈ అచ్చును అద్దంలోలా తిప్పెయ్. కొనుక్కునేవాళ్ళు మనలా కాన్వాస్ తిప్పుకోరు కదా. కుడిచేతివాడు గీస్తే నేరుగా రావాలి. ఆ వెంట్రుక కూడా తీసెయ్, మురికిలా ఉంది."

"అది ఆయన..." అని మాట మార్చింది. "సర్, పేరు సంగతి. ఆతే సాలింగ్ అడిగింది."

"ఏమని?"

"కుయా పేరు వేస్తారా అని."

రమిల్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఇక్కడ జీతం తీసుకుని, ఇక్కడి కాగితం మీద చేసిందంతా స్టూడియోదే మిందా. నీదీ అంతే, నాదీ అంతే. పెట్టెమీద ఏదో ఒక పేరుండాలి. బయట నలుగురికి తెలిసింది నా పేరు. పాపం ఆయన్నెవరు ఎరుగుదురు? ఎల్లుండి వీడియో తీస్తున్నాం. అప్పటికి తయారు చెయ్." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే మిందాకు తిరిగి ఏదో అనడానికి వీలుండేది.

అచ్చును తిప్పడానికి ఒక్క నొక్కు చాలు. నొక్కింది. ఎడమచెయ్యి కుడిచెయ్యి అయిపోయింది. వెంట్రుకను తుడిచింది. పాతదాన్ని మాత్రం చెరపలేక పక్కన దాచింది. తన మీద తనకే రోత పుట్టింది.

సాలింగ్ దగ్గర్నుంచి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చెల్లెలు మనీలా చేరిందని, ఎల్లుండి సాయంత్రం ఆఖరి జాగారమని, ఆ మర్నాడు పొద్దున పాతిపెడతారని. కింద ఇంకో ముక్క. "ఫాదర్‌కు కూడా చెప్పాను, ఆయన పేరు మీద కుంచెలు వస్తున్నాయని. వచ్చేటప్పుడు ఆ బొమ్మ తీసుకురా తల్లీ, అందరూ చూస్తామంటున్నారు." మిందా జవాబు రాసింది, చెరిపింది, రాసింది, చెరిపింది. చివరికి ఒక బొటనవేలి గుర్తు పంపి, ఆ సిగ్గులేని పనికి ఫోన్‌ను బోర్లా తిప్పి పెట్టింది.

ఇంటికి పోయే దారిలో జీప్నీ కిటికీలోంచి చూస్తే ఊరంతా ఆయనే. వాన వెలిసి ఎండ పడింది. ఒకదానిమీద ఒకటి ఎక్కిన రేకుల కప్పులు, ప్రతి కప్పుకూ పైఅంచున విరిగిన పొడిగీత. తడిగోడ మీద పాచి, ఇనుపగేటు అడుగున తుప్పు, ఆగిపోయిన లారీ తలుపు. ఇవన్నీ ముందునుంచీ ఇలాగే ఉన్నాయా, ఆయన గీసి చూపించాక ఇలా అయ్యాయా? చూడకూడదని కళ్ళు మూసుకుంది. పక్క సీటులోంచి తైలం వాసన వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే ఎవరో ముసలావిడ మోకాలికి రాసుకుంటోంది. మిందాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రోజు తను రొట్టె కొనుక్కుని దులుపుకుని ఉంటే? ఒక్క అబద్ధం ఆడి, దులుపుకోకుండా వచ్చింది. వెంట రాక ఏం చేస్తాడు?

వీడియో రోజున గదికి రెండువైపులా దీపాలు పెట్టారు. తీయడానికి యూమి అనే అమ్మాయిని బయటి నుంచి పిలిపించారు. చేతిలో కెమెరా, నోట్లో చూయింగ్ గమ్. బొమ్మలేసే పని గురించి ఓనమాలు కూడా తెలియవని వచ్చీ రాగానే తనే చెప్పింది. రమిల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని తెర ముందు కూర్చున్నాడు. మిందా పక్క మిషన్ దగ్గర, జాంగ్ తలుపు దగ్గర.

"నేను ఇన్నేళ్ళుగా వాడుతున్న కుంచెలు ఇవి," అని రమిల్ కెమెరాకు చెప్పాడు. "నా చేతిలో అరిగి అరిగి, నా చెయ్యే అయిపోయాయి. చూడండి, ఒక రేకుల కప్పు వేద్దాం." పెన్ను అందుకున్నాడు. ఎడమచేతి వేలు అలవాటుగా మీట నొక్కింది. కాన్వాస్ తలకిందులైంది. కుడిచేత్తో బారుగా ఒక గీత లాగి, కాన్వాస్‌ను తిన్నగా తిప్పాడు.

పొడి అంచు కిందపడింది. ఎండ నేలలోంచి కాస్తోంది.

"ఇదేమిటి? మిందా, బ్రష్‌ను ఏం చేశావ్?"

"మీరు చెప్పినట్టే తిప్పాను సర్. ఇంక కాన్వాస్ తిప్పక్కర్లేదు. ఊరికే గీస్తే వస్తుంది."

"అవునవును, మర్చిపోయాను." నవ్వి యూమి వైపు తిరిగాడు. "ఆ ముక్క తీసెయ్ అమ్మా, మళ్ళీ చేద్దాం." మళ్ళీ మొదటినుంచి చెప్పుకొచ్చాడు. నా చేతిలో అరిగి అరిగి అనేదాకా సాఫీగా వచ్చింది. పెన్ను తెరకు ఆనగానే ఎడమవేలు మీట నొక్కింది. కాన్వాస్ గిర్రున తిరిగింది. "ఛ!" అన్నాడు. ఇంకోసారి మొదలుపెట్టాడు. ఈసారి ఎడమచెయ్యి తొడకింద పెట్టుకున్నాడు. కాన్వాస్ తిరగలేదు గాని, తిన్నగా ఉన్న కాన్వాస్ మీద గీత ఎక్కడ మొదలుపెట్టాలో ఆ చేతికి తోచలేదు. బడిపిల్లాడి గీతలా వణికింది. రమిల్ చేతివంక చూసుకున్నాడు. మెడమీద చెమట పట్టింది. జాంగ్ ఏదో అనబోయి, మిందా చూపు చూసి నోరు మూసుకున్నాడు.

"పాతదుందా?" అన్నాడు రమిల్. "తిప్పకముందుది?"

"ఉంది సర్."

"అది పెట్టు."

మిందా పెట్టింది. ఒంటి వెంట్రుకతో సహా పెట్టింది. రమిల్ కాన్వాస్ తలకిందులు చేసి గీత లాగాడు, దాని పక్కన ఇంకోటి లాగాడు. చెయ్యి ఇప్పుడు వణకలేదు. కప్పుమీద కప్పు, గోడ, గోడమీద పాచి. అసలు ఆగనేలేదు. తిన్నగా తిప్పేసరికి తెరమీద వాన వెలిసిన సందు. అందరూ తెర దగ్గరికి జరిగారు. పొద్దున్నించీ కెమెరా వెనక చూయింగ్ గమ్ నములుతున్న యూమి కూడా నమలడం ఆపేసింది.

"అబ్బ, ఎంత బాగుందో సర్!" అంది. "కానీ నాకో సందేహం. బొమ్మను తలకిందులుగా ఎందుకు వేస్తారు? అది మీ చేతిలో అరిగిన కుంచే అన్నారుగా. మీ చేతికి తిన్నగానే రావాలి కదా?"

ఆ పిల్ల ఏ దురుద్దేశంతోనూ అడగలేదు. తెలియక అడిగింది. ఆ గదిలో ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగని మాట అది.

రమిల్ నోరు తెరిచాడు. ఏదో ఒకటి అల్లి చెప్పడం ఆయనకు కష్టం కాదు, రోజూ విదేశీ నిర్మాతలకు చెప్పేదే. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఆయన కళ్ళు తెరమీది రేకు చివర, తోకలా బయటికి పోయిన వెంట్రుక గీత దగ్గర ఆగాయి. మిందా కుర్చీ అంచుకు జరిగింది. చెప్పండి సర్, అని అరవాలనిపించింది. అరవలేదు. ఎడమ భుజం దగ్గర ఎవరో నిలబడ్డట్టే ఉంది. ఈసారి ఆమె వెనక్కి చూడలేదు.

"నాకు కాగితం తిప్పుకోమని నేర్పారు," అన్నాడు రమిల్ మెల్లగా. "నేను ఇక్కడ చేరిన కొత్తల్లో. కుంచె ఆయనది. ఎడమచేతివాటం మనిషి. నేను తిప్పకుండా వేస్తే చెవి మెలిపెట్టి, 'ఒరే, నీ ఊళ్ళో సూర్యుడు భూమిలోంచి వస్తాడా' అనేవాడు." చెవి తడుముకున్నాడు. "ఇది నా చేతిలో అరగలేదు. దెల్ఫిన్ చేతిలో అరిగింది. కుయా దెల్ఫిన్."

"ఇది తీసెయ్యాలా సర్?" అని యూమి అడిగింది.

"వద్దు," అన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చొక్కా అంచు ఎంతకీ వదల్లేదు.

సాయంత్రం మిందాతో పాటు రమిల్ కూడా చావింటికి బయల్దేరాడు. బ్రష్‌ల పెట్టెమీది బొమ్మలో తన పేరున్న చోట దెల్ఫిన్ పేరు పెట్టమని దారిలో చెప్పాడు, ఎటో చూస్తూ. ఆ వెంటనే, "అమ్మకం అమ్మకమే, అందులో స్టూడియో వాటా స్టూడియోదే, ఇప్పుడే చెబుతున్నాను" అని గట్టిగా అన్నాడు. మిందా సరేనంది. జీప్నీ కుదుపుల్లోనే ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని, పాత అక్షరాలు చెరిపి, అదే తుప్పు బ్రష్‌తో కొత్తవి దిద్దింది. జీప్నీలో తలకిందులుగా రాసుకుంటున్న మనిషిని చూసి ఎదురు సీటులో పిల్లలు నవ్వారు.

పట్టా కింద జనం కిటకిటలాడుతున్నారు. రమిల్‌ను చూసి సాలింగ్ ముఖం ఒక్క క్షణం బిగిసింది. ఆ తర్వాత మర్యాదగా కాఫీ అందించింది. రమిల్ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. "ఆతే, కుయా పేరు మీద..." అని మొదలుపెట్టి తడబడ్డాడు.

"తెలుసు బాబూ. మిందా మొదటిరోజే చెప్పిందిగా, వేస్తారని."

రమిల్ తలతిప్పి మిందాను చూశాడు. మిందా నేలచూపులు చూసింది. ఆయనకంతా అర్థమైందని ఆమెకు అర్థమైంది. ఆయన సాలింగ్‌తో, "అవును. చెప్పింది," అని మాత్రమే అన్నాడు. మిందా టాబ్లెట్ తీసి ఇచ్చింది. సాలింగ్ అక్షరాలమీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంది. చదవడం అయ్యాక చివరి అక్షరం దగ్గర ఆ తోకగీతను చూసి, "ఇదిగో, ఇది ఆయనే!" అని ఏడ్చేసింది. ఇన్నిరోజులూ అందరికీ కాఫీలు పోస్తూ తిరిగిన మనిషి, మొదటిసారి కూర్చుని ఏడ్చింది.

టాబ్లెట్ పేకాట బల్లలన్నీ తిరిగివచ్చేలోపు రమిల్ శవపేటిక దగ్గరికి వెళ్ళాడు. గాజుమూత మీద వంగి అలాగే నిలబడిపోయాడు. ప్రార్థన చేస్తున్నాడనుకుని ఎవరూ పలకరించలేదు.

"ఆతే," అన్నాడు చివరికి. "చేతులు తప్పుగా పెట్టారు. ఎడమది పైకి ఉండాలి."

సాలింగ్ లేచి వచ్చి చూసింది. భుజం మీది తుండుగుడ్డ నోట్లో కుక్కుకుంది. "నేను కూడా చూడలేదు," అంది. "రోజూ ఇక్కడే ఉండి నేను కూడా చూడలేదు. పొద్దున మూత తీసినప్పుడు మారుస్తాం బాబూ. నువ్వే వచ్చి మార్చు." మిందా ఆ మాటకు తల ఎత్తలేకపోయింది. చూసి కూడా చెప్పనిది తను.

వెళ్ళొస్తామని ఎవరూ అనలేదు, ఎవరూ సాగనంపలేదు. జీప్నీ దిగి ఇద్దరూ స్టూడియో వైపు నడిచారు. బేకరీలో ఆఖరి వాయి రొట్టెలు దిగుతున్నాయి. ఈసారి మిందా మర్చిపోలేదు. కొట్టు ముందు ఆగి సంచీలో చెయ్యి పెట్టింది.

"రొట్టె తీసుకుంటాను సర్. దులుపుకుని వెళదాం."

మెట్ల దగ్గరికి చేరిన రమిల్ వెనక్కి తిరిగాడు. "వద్దు మిందా," అన్నాడు. "ఆయన్ని పైకి రానీ."

రమిల్ వెనకే ఆమె కూడా మెట్లెక్కింది. ఎడమ పక్కన మనిషి పట్టేంత చోటు వదిలి, కుడివైపు గోడను రాసుకుంటూ ఎక్కింది.